ఆన్‌లైన్‌లో కట్టించుకున్న ఎడిటింగ్ కంప్యూటరు: ప్రాజెక్టు డైరీ

అవసరం తేల్చుకోవడం

నేను చేసే పని సుదీర్ఘమైన ఇంటర్వ్యూల వీడియో ఎడిటింగ్. మిర్రర్‌లెస్ కెమెరాతో తీసే ఆ ఫుటేజ్ అంతా 4కే పరిమాణంలో, 10 బిట్ లోతుతో, 4:2:2 హెచ్.265 (వీడియోను కుదించే ఒక పద్ధతి) రూపంలో ఉంటుంది. పాత కంప్యూటరు దాన్ని ఆడించలేకపోవడంతో ప్రతి క్లిప్పుకూ ముందు ఒక తేలికపాటి ప్రాక్సీ ఫైలు తయారు చేసుకుని, ఎడిటింగ్ అంతా దాని మీద చేసి, చివర్లో అసలు ఫైలుకు మారవలసి వచ్చేది. కొత్త యంత్రం నుంచి నేను మొట్టమొదట కోరుకున్నది ఇదే: కెమెరా కార్డులోంచి కాపీ చేసిన ఫైలు నేరుగా టైమ్‌లైన్ మీదికి రావాలి, అక్కడ తడబడకుండా ఆడాలి.

ఈ ఒక్క కోరికే చాలా భాగాలను నిర్ణయించింది. మామూలు వీడియోలు 4:2:0 పద్ధతిలో ఉంటాయి, అంటే రంగుల సమాచారం అడ్డంగానూ నిలువుగానూ సగానికి సగం తగ్గించి దాచబడుతుంది. 4:2:2లో అడ్డంగా మాత్రమే సగమవుతుంది, నిలువుగా పూర్తిగా నిలుస్తుంది. అందువల్ల రంగులు దిద్దేటప్పుడు చిత్రం చెదరదు, కానీ ఆ ఫైలును విప్పే పని బరువెక్కుతుంది. గ్రాఫిక్స్ కార్డులో వీడియో విప్పడానికి ప్రత్యేకమైన విభాగం ఉంటుంది. ఎన్విడియా కార్డుల్లో ఆ విభాగం 4:2:2ను గుర్తించడం 2025 జనవరిలో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 తరంతోనే మొదలైంది. అంతకుముందు తరాల్లో ఎంత ఖరీదైన కార్డు కొన్నా ఈ రకం ఫైలును విప్పే భారం ప్రాసెసర్ మీదే పడేది. ఇంటెల్ ప్రాసెసర్లలోని క్విక్ సింక్ విభాగం మాత్రం హెచ్.265 4:2:2ను అంతకు కొన్నేళ్ళ ముందునుంచే విప్పగలుగుతోంది. కాబట్టి నా ముందు రెండు దారులున్నాయి: క్విక్ సింక్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్ తీసుకోవడం, లేదా ప్రాసెసర్ ఏదైనా సరే, ఆర్‌టీఎక్స్ 50 తరం కార్డు తీసుకోవడం. రంగులు దిద్దడానికీ, చిత్రంలోని నాయిస్ (గరగర చుక్కలు) తగ్గించడానికీ శక్తిగల గ్రాఫిక్స్ కార్డు ఎలాగూ కావాలి గనుక రెండో దారి ఎంచుకున్నాను.

ప్రాసెసర్‌గా ఏఎమ్‌డీ రైజెన్ 9 9900ఎక్స్ ఖాయం చేశాను. 2024 ఆగస్టులో వచ్చిన ఈ చిప్పులో 12 కోర్లు, 24 థ్రెడ్లు ఉన్నాయి. ఇది కూర్చునే ఏఎమ్5 సాకెట్ 2022లో మొదలైంది, దాన్ని 2027కీ ఆ తరువాతకూ కొనసాగిస్తామని ఏఎమ్‌డీ ప్రకటించింది. కొన్నేళ్ళ తరువాత మదర్‌బోర్డు మార్చకుండా ప్రాసెసర్ ఒక్కటే మార్చుకునే వీలు నాకు చాలా ముఖ్యం.

విడిభాగాలు కొని బిగించుకోవడం నాకు చేతనైన పనే. అయినా ఈసారి కట్టించుకోవడానికి కారణం వారంటీ. విడివిడిగా కొన్నప్పుడు ఏ భాగం చెడిందో తేల్చి నిరూపించే భారం కొన్నవారిదే అవుతుంది, మదర్‌బోర్డు అమ్మినవారు ర్యామ్‌ను అనుమానిస్తారు, ర్యామ్ అమ్మినవారు మదర్‌బోర్డును అనుమానిస్తారు. కట్టి ఇచ్చినవారైతే మొత్తం యంత్రానికి జవాబుదారులు. ఆ జవాబుదారీతనం నిజంగా చేతికందాలంటే మాత్రం ఏ యంత్రానికి జవాబు చెబుతున్నారో కాగితం మీద స్పష్టంగా ఉండాలి. ఈ ప్రాజెక్టులో నేను ఎక్కువ సమయం పెట్టింది ఆ కాగితం మీదే, దాని గురించే ఈ డైరీలోనూ ఎక్కువగా రాస్తున్నాను.

విక్రేత పేజీలో ఉన్నది, లేనిది

నేను ఎంచుకున్న విక్రేత వెబ్‌సైటులో ఒక్కొక్క భాగానికీ ఒక్కొక్క మెనూ ఉంది, నచ్చినది ఎంచుకుంటూ పోతే కింద మొత్తం ధర మారుతూ ఉంటుంది. చూడటానికి సౌకర్యంగానే ఉంది గానీ, ప్రాసెసర్ మినహా మిగతా వరుసల్లో చాలావాటికి పూర్తి పేర్లు లేవు. గ్రాఫిక్స్ వరుసలో "ఆర్‌టీఎక్స్ 5060 టీఐ" అని మాత్రమే ఉంది. ఈ పేరుతో 8 జీబీ మెమరీ ఉన్న కార్డూ ఉంది, 16 జీబీ ఉన్న కార్డూ ఉంది. ఆటలకు 8 జీబీ సర్దుకోవచ్చునేమో గానీ, 4కే టైమ్‌లైన్ మీద నాయిస్ తగ్గించే ఎఫెక్ట్ పెట్టిన క్షణంలో అది నిండిపోతుంది. రెండింటి మధ్య తేడా నా పని సాగడానికీ ఆగిపోవడానికీ మధ్య ఉన్న తేడా. పేజీలో కనిపించే ధరను బట్టి ఇది ఫలానాది అయి ఉంటుందని ఊహించుకోవడం కొనుగోలు పద్ధతి కాదు.

అందుకని ఆర్డరు పెట్టకముందే ఒక పట్టిక తయారు చేసుకున్నాను. ప్రతి భాగానికీ తయారీదారు, పూర్తి మోడల్ సంఖ్య, తయారీదారు వారంటీ కాలం, అది డబ్బా ప్యాక్‌లో వచ్చేదా విడిగా వచ్చేదా అన్న వివరం అడుగుతూ ఖాళీలు ఉంచి, పేజీలో దొరికినంత నింపి, మిగతావి పూరించి పంపమని విక్రేతకు ఈమెయిల్ రాశాను. ప్రాసెసర్ విషయంలో చివరి ప్రశ్నకు ప్రత్యేకమైన ప్రాధాన్యం ఉంది. డబ్బాలో వచ్చే ప్రాసెసర్‌కు తయారీదారు నేరుగా వారంటీ ఇస్తారు, ట్రేలో టోకుగా వచ్చే ప్రాసెసర్‌కు వారంటీ బాధ్యత అమ్మినవారిదే. చిప్పులో తేడా ఉండదు, ఆ విక్రేత రేపు వ్యాపారం మూసేస్తే మన పరిస్థితి ఏమిటన్నదానిలో ఉంటుంది.

అన్నిటికన్నా ఎక్కువ ఉత్తరప్రత్యుత్తరాలు ర్యామ్ మీద నడిచాయి. పేజీలో "64 జీబీ డీడీఆర్5" అని ఉంది. అది 32 జీబీ స్టిక్కులు రెండా, 16 జీబీ స్టిక్కులు నాలుగా అన్నది లేదు. ఏఎమ్5 సాకెట్ మీద ఇది చిన్న విషయం కాదు. రైజెన్ 9000 వరుసకు ఏఎమ్‌డీ అధికారికంగా ప్రకటించిన మెమరీ వేగం (సెకనుకు ఎన్ని మిలియన్ల బదిలీలు అన్న లెక్కలో) రెండు స్టిక్కులతో 5600, నాలుగు స్టిక్కులతో 3600 మాత్రమే. డీడీఆర్5 సంకేతాలు వేగం పెరిగేకొద్దీ సున్నితమవుతాయి, ఒకే ఛానల్ మీద రెండు స్టిక్కులు వేలాడితే ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ మీద భారం పెరిగి వేగం తగ్గించవలసి వస్తుంది. నాలుగు స్లాట్లూ నిండి మెరిసే లైట్లతో ఉన్న ఫోటో అందంగానే ఉంటుంది, పనికి మాత్రం రెండు స్టిక్కులే మేలు.

తరువాతి ప్రశ్న టైమింగ్ గురించి. వేగం 6000 అని రాసినంత మాత్రాన సరిపోదు. 6000 వేగం గల ర్యామ్ నిజమైన గడియారం 3000 మెగాహెర్ట్జ్, సీఎల్ అన్నది అడిగిన సమాచారం రావడం మొదలవడానికి పట్టే గడియారపు చుట్ల లెక్క, కాబట్టి దాని మీద సీఎల్30 అంటే 10 నానోసెకన్ల ఆలస్యం, సీఎల్36 అంటే 12 నానోసెకన్లు. రెండూ "6000" పేరుతోనే అమ్ముడవుతాయి. నేను 32 జీబీ స్టిక్కులు రెండు ఒకే కిట్‌గా, 6000 సీఎల్30, ఎక్స్‌పో ప్రొఫైల్ ఉన్నవి కావాలని రాశాను.

ఇక్కడే వారంటీకి సంబంధించిన సూక్ష్మమైన విషయం ఒకటి ఉంది. ఎక్స్‌పో అనేది ర్యామ్ స్టిక్కులో తయారీదారు భద్రపరచిన వేగవంతమైన సెట్టింగుల ప్రొఫైల్. దాన్ని బయోస్‌లో (మదర్‌బోర్డులో ఉండే మూల సెట్టింగుల ప్రోగ్రాములో) ఆన్ చేయనంతవరకు ఆ ర్యామ్ మామూలు ప్రమాణ వేగంతోనే నడుస్తుంది. ఆన్ చేస్తే, ప్రాసెసర్ అధికారిక వేగం 5600ను దాటి 6000కు వెళ్ళినందున, ఏఎమ్‌డీ నిబంధనల ప్రకారం అది ఓవర్‌క్లాకింగ్ కిందికి వస్తుంది. అంటే 6000 వేగాన్ని అమ్మకపు వివరంలో రాసి, ఆ వేగంతో నడిపితే వారంటీ వర్తించదని విక్రేత అనగలిగే సందు ఉంది. కాబట్టి రెండు వాక్యాలు లిఖితపూర్వకంగా అడిగాను: ఎక్స్‌పో మీరే ఆన్ చేసి పరీక్షించి పంపాలి, ఆ స్థితిలో వచ్చే లోపాలకు మీ వారంటీ వర్తించాలి. కొంత ఆలస్యమైనా రెండింటికీ ఒప్పుకుంటూ జవాబు వచ్చింది. తరువాత జరిగినదాన్ని బట్టి చూస్తే ఈ ప్రాజెక్టులో రాయించుకున్న వాక్యాలన్నిటిలో అతి విలువైనవి ఇవే.

పవర్ సప్లై వరుసలో "750 వాట్ గోల్డ్" అని ఉంది. గోల్డ్ అన్నది 2004లో మొదలైన 80 ప్లస్ కార్యక్రమం ఇచ్చే సామర్థ్యపు ముద్ర. 115 వోల్టుల పరీక్షలో సగం లోడు మీద కనీసం 90 శాతం సామర్థ్యం చూపాలని దాని అర్థం. కరెంటు వృథా ఎంతో అది చెబుతుంది. లోపల రక్షణ సర్క్యూట్లు ఎంత నమ్మకంగా పనిచేస్తాయో, వోల్టేజీ ఎంత నిలకడగా ఉంటుందో చెప్పదు. అందుకే ఇక్కడా మోడల్ పేరు అడిగాను. వాట్ల లెక్క సులువైనదే: ప్రాసెసర్ పూర్తి భారం మీద 162 వాట్లు, గ్రాఫిక్స్ కార్డు 180 వాట్లు, మిగతా అన్నిటికీ కలిపి ఒక 70 అనుకుంటే మొత్తం 412 వాట్ల దగ్గర ఆగుతుంది. 750 వాట్ల యూనిట్ సగానికి కాస్త పైన నడుస్తుంది, అది దాని సామర్థ్యానికీ ఫ్యాన్ నిశ్శబ్దానికీ అనువైన స్థితి. విక్రేత పేజీ 1000 వాట్లకు మారమని పదే పదే సూచించింది, నా లెక్కలో దానికి చోటు కనిపించలేదు.

మదర్‌బోర్డుగా బీ850 చిప్‌సెట్ గల ఏటీఎక్స్ బోర్డు, యూఎస్‌బీ డ్రైవు నుంచి నేరుగా బయోస్ ఎక్కించుకునే బటన్ ఉన్నది ఎంచుకున్నాను. విండోస్ తీసుకోలేదు. యంత్రంతో పాటు అమ్మే ఓఈఎమ్ లైసెన్సు మదర్‌బోర్డుకు కట్టుబడి ఉంటుంది, నా దగ్గర వేరే యంత్రానికి మార్చుకోగల రిటైల్ లైసెన్సు ఉంది.

కూలర్, రవాణా

9900ఎక్స్‌తో డబ్బాలో కూలర్ రాదు. విక్రేత మెనూలో మొదట కనిపించేది 360 మిల్లీమీటర్ల లిక్విడ్ కూలర్. పంపు ఆగినా, గొట్టం కారినా ఇబ్బందే గనుక, పాడైతే ఫ్యాన్ ఒక్కటే పాడయ్యే గాలి కూలర్ నాకు ఇష్టం. కానీ ఆన్‌లైన్‌లో కట్టించి తెప్పించుకునేటప్పుడు గాలి కూలర్‌కు ఒక ప్రత్యేకమైన సమస్య ఉంది. రెండు టవర్ల పెద్ద కూలర్లలో కొన్ని ఒక కిలో దాటి బరువుంటాయి. నిలువుగా బిగించిన మదర్‌బోర్డు నుంచి ఆ బరువు అడ్డంగా వేలాడుతూ ఉంటుంది, లారీలో పెట్టె కుదుపులకు లోనైన ప్రతిసారీ సాకెట్ చుట్టూ బోర్డు మీద ఒత్తిడి పడుతుంది. గ్రాఫిక్స్ కార్డు సంగతీ ఇంతే.

విక్రేతను అడిగితే క్యాబినెట్ లోపల ఖాళీలన్నిటిలో, అచ్చు ఆ ఆకారానికే ఉబ్బి గట్టిపడే నురుగు సంచులు నింపి పంపుతామన్నారు. అదనపు రుసుముతో గ్రాఫిక్స్ కార్డును దాని సొంత డబ్బాలో వేరుగా పంపే వీలు కూడా ఉందన్నారు. కార్డు విడిగా రావాలని కోరాను. కూలర్ విషయంలో ఎత్తు 155 మిల్లీమీటర్లున్న, ఆ తరగతిలో బరువు తక్కువైన జంట టవర్ల మోడల్‌ను ఎంచుకుని, క్యాబినెట్ అనుమతించే గరిష్ఠ ఎత్తుతో సరిచూశాను. క్యాబినెట్ ముందు భాగం అద్దం కాకుండా జాలీ ఉన్నది తీసుకున్నాను. గాలి లోపలికి రాని క్యాబినెట్‌లో ఎంత మంచి కూలర్ పెట్టినా అది వేడి గాలినే తిప్పుతుంది.

ఆర్డరు తరువాత వచ్చిన మార్పు

పూర్తి మోడల్ సంఖ్యలతో పట్టిక ఖరారై, దాన్నే ఇన్వాయిస్‌లో ముద్రిస్తామన్న హామీ వచ్చాక డబ్బు చెల్లించాను. కొంతకాలానికి విక్రేత నుంచి ఈమెయిల్: పట్టికలోని ఎస్‌ఎస్‌డీ స్టాకు లేదు, "అంతే సామర్థ్యం, అంతే వేగం" ఉన్న మరో మోడల్ పెడతాం, అభ్యంతరం లేకపోతే జవాబు అక్కర్లేదు. 2025 చివరి నెలల నుంచి మెమరీ చిప్పుల కొరత వల్ల ర్యామ్, ఎస్‌ఎస్‌డీ మోడళ్ళు తరచూ అందుబాటులో లేకుండా పోతున్నాయి, కాబట్టి మార్పు అడగడంలో తప్పు లేదు. మారుస్తున్నది ఏమిటో చూడటం మన బాధ్యత.

నేను ఎంచుకున్న 2 టీబీ డ్రైవు టీఎల్‌సీ రకం, సొంత డీర్యామ్ (డ్రైవు తన పనికి వాడుకునే వేగవంతమైన చిన్న మెమరీ) ఉన్నది. వారు ప్రతిపాదించినది క్యూఎల్‌సీ రకం, డీర్యామ్ లేనిది. టీఎల్‌సీలో ఒక్కో మెమరీ కణం 3 బిట్లు దాస్తుంది, క్యూఎల్‌సీలో 4 బిట్లు. రెండింటి డబ్బాల మీదా సెకనుకు దాదాపు 7,000 మెగాబైట్ల వేగం రాసి ఉంటుంది, ఎందుకంటే డ్రైవు తనలోని కొంత భాగాన్ని వేగవంతమైన తాత్కాలిక నిల్వగా వాడుకుంటూ ముందు అందులోకి రాస్తుంది. ఆ నిల్వ నిండాక అసలు వేగం బయటపడుతుంది, క్యూఎల్‌సీ డ్రైవుల్లో అది పాతకాలపు సాటా ఎస్‌ఎస్‌డీ వేగానికి చాలా దిగువకు పడిపోవచ్చు. దస్త్రాలు, బ్రౌజరు వాడేవారికి ఈ పరిస్థితి ఎప్పుడూ ఎదురుకాదు. కెమెరా కార్డుల నుంచి ఒక్కసారిగా వందల గిగాబైట్లు కాపీ చేసి, మళ్ళీ అంతే పరిమాణంలో ఎక్స్‌పోర్ట్ చేసే పనిలో ఇది నిత్యం ఎదురవుతుంది. రాతల మన్నిక విషయంలోనూ తేడా పెద్దది: 2 టీబీ టీఎల్‌సీ డ్రైవుల్లో 1200 టెరాబైట్ల రాతలకు హామీ ఇచ్చే మోడళ్ళు సాధారణం, క్యూఎల్‌సీలో 500 లోపే ఆగిపోయేవి ఉన్నాయి.

ఈ కారణాలన్నీ వివరిస్తూ, మార్పుకు ఒప్పుకోనని, టీఎల్‌సీ, డీర్యామ్, 1200 టెరాబైట్ల హామీ మూడూ ఉన్న ఏ తయారీదారు డ్రైవైనా సమ్మతమేనని రాశాను. కుదరదని ఊరుకోకుండా ఏది కుదురుతుందో చెప్పడం వల్ల పని త్వరగా తేలింది. వారి దగ్గర అటువంటి మరో మోడల్ ఉంది, ఇన్వాయిస్ సవరించి పంపారు.

పెట్టె తెరవడం

పెట్టె వచ్చినప్పుడు అతికించిన టేపు కోయకముందు నుంచే వీడియో తీశాను. పెట్టె ఆరు వైపులా, మూలలు, విక్రేత సీలు, లోపలి అమరిక అన్నీ ఒకే షాట్‌లో కనిపించేలా తీస్తే రవాణా నష్టం గురించి తరువాత వాదన ఉండదు.

క్యాబినెట్ పక్క పలక తీసి నురుగు సంచులు బయటికి తీయడం ఓపికతో చేయవలసిన పని. అవి వైర్లను చుట్టుకుని గట్టిపడి ఉంటాయి, ఒక్కసారిగా లాగితే కనెక్టర్లు ఊడివస్తాయి. ఒక చేత్తో వైరును పట్టుకుని రెండో చేత్తో సంచిని మెల్లగా కదుపుతూ తీశాను. చిన్న సంచి ఒకటి కూలర్ టవర్ల కింద, ర్యామ్ పక్కన ఇమిడి ఉంది, టార్చి వేసి చూస్తేనే కనిపించింది. తొందరలో ఇది లోపలే ఉండిపోతే ఫ్యాన్ తిరగదు.

తరువాత కూలర్ స్క్రూలు, 24 పిన్నుల మెయిన్ కనెక్టరు, ప్రాసెసర్ పవర్ కనెక్టర్లు ఒక్కొక్కటిగా తాకి బిగువు చూశాను. ర్యామ్ స్టిక్కులు ప్రాసెసర్ నుంచి లెక్కిస్తే రెండు, నాలుగు స్లాట్లలో ఉన్నాయి, ఉండవలసింది అక్కడే. గ్రాఫిక్స్ కార్డును మొదటి స్లాటులో గొళ్ళెం చప్పుడయ్యేదాకా నొక్కి, స్క్రూలు బిగించి, పవర్ సప్లైతో వచ్చిన కేబులునే తగిలించాను. మాడ్యులర్ (కేబుళ్ళు ఊడదీసి తగిలించగల) పవర్ సప్లైల కేబుళ్ళు ఒక చివర అన్నీ ఒకేలా కనిపించినా, పవర్ సప్లై వైపు పిన్నుల అమరికకు ఉమ్మడి ప్రమాణం లేదు. వేరే తయారీదారు కేబులు తగిలిస్తే భాగాలు కాలిపోయే ప్రమాదం ఉంది. అందుకే మిగిలిన కేబుళ్ళన్నీ పవర్ సప్లై మోడల్ పేరు రాసిన సంచిలో వేసి భద్రపరిచాను.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు చాలాసేపు తెర నల్లగానే ఉంది. డీడీఆర్5 యంత్రాలు మొదటి బూటులో ర్యామ్‌తో సంకేతాల సర్దుబాటు చేసుకుంటాయి. అందుకు కొన్ని నిమిషాలు పట్టడం మామూలే, ఆ సమయంలో పవర్ బటన్ నొక్కకుండా వేచి ఉండటమే చేయవలసినది. మదర్‌బోర్డు మీది చిన్న దీపం ర్యామ్ దశ దాటి ముందుకు వెళ్ళాక తెర వెలిగింది.

పరీక్షలు

విండోస్ 11 ఎక్కించి, ఏ సాఫ్ట్‌వేరూ పెట్టకముందే పట్టికను పక్కన ఉంచుకుని సరిచూడటం మొదలుపెట్టాను. సీపీయూ-జడ్, హెచ్‌డబ్ల్యూఇన్ఫో వంటి ఉచిత సాధనాలు ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ కిట్ పూర్తి సంఖ్యతో సహా చూపిస్తాయి. గ్రాఫిక్స్ కార్డు మెమరీ 16 జీబీ. ఎస్‌ఎస్‌డీ సవరించిన ఇన్వాయిస్‌లో ఉన్న మోడలే, అది పనిచేసిన గంటలు, దానిలోకి జరిగిన రాతలు విక్రేత పరీక్షకు సరిపడేంత కొద్దిగా మాత్రమే ఉన్నాయి. అంటే ఎవరో వాడి తిరిగి ఇచ్చిన డ్రైవు కాదు. సీరియల్ నంబర్లు కూడా కలిశాయి.

కలవనిది ఒకటే. ర్యామ్ 6000తో కాకుండా 4800తో నడుస్తోంది. ఎక్స్‌పో ఆన్ చేసి పరీక్షించి పంపుతామన్న వాక్యం ఉండగా, ఆ సెట్టింగు ఆఫ్‌లో ఉంది. బయోస్‌లో ఆన్ చేయడం నిమిషం పని గనుక చేశాను, యంత్రం విండోస్‌లోకి మామూలుగానే వెళ్ళింది, ఎడిటింగ్ సాఫ్ట్‌వేరూ తెరుచుకుంది. ఇక్కడితో తృప్తిపడితే అసలు లోపం కంటపడేది కాదు.

ర్యామ్ లోపం వెంటనే కనిపించే లోపం కాదు. ఎక్కడో ఒక బిట్టు తిరగబడితే ఒకరోజు ఎక్స్‌పోర్ట్ మధ్యలో ఆగిపోతుంది, మరొకరోజు కాపీ చేసిన ఫైలు ఒకటి చెడుతుంది, కొన్న వాళ్ళు సాఫ్ట్‌వేరునూ డ్రైవర్లనూ అనుమానిస్తూ నెలలు గడుపుతారు. అందుకని యూఎస్‌బీ డ్రైవు మీద ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ఎక్కించి, విండోస్ ప్రమేయం లేకుండా రాత్రంతా నడిపాను. 64 జీబీ మీద ఉచిత వెర్షన్ అనుమతించే నాలుగు పాసులు పూర్తి కావడానికి చాలా గంటలు పడుతుంది. ఉదయానికి తెర మీద ఎర్రటి వరుసలు ఉన్నాయి.

లోపం ర్యామ్‌దేనా, బోర్డుదా, ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్‌దా అన్నది తేల్చడానికి ఒక క్రమం ఉంది. ముందు బయోస్‌ను తయారీదారు తాజా వెర్షన్‌కు మార్చాను, ఎందుకంటే ఏఎమ్5 బోర్డుల్లో మెమరీ స్థిరత్వాన్ని బయోస్ సవరణలు గణనీయంగా మారుస్తాయి. లోపాలు మళ్ళీ వచ్చాయి. తరువాత ఎక్స్‌పో ఆపి 4800తో పరీక్షించాను, లోపాలు లేవు. ఆపైన ఎక్స్‌పో తిరిగి పెట్టి, ఒక్కొక్క స్టిక్కునే ఒకే స్లాటులో ఉంచి విడివిడిగా పరీక్షించాను. ఒకటి శుభ్రంగా గట్టెక్కింది, రెండోది అదే స్లాటులో, అదే ప్రొఫైల్‌తో, ప్రతిసారీ దాదాపు అవే చిరునామాల దగ్గర తప్పింది. స్లాటు ఒకటే, ప్రాసెసర్ ఒకటే, మారింది స్టిక్కు మాత్రమే. ఇక సందేహానికి తావు లేదు.

ఫోటోలతో, స్టిక్కు సీరియల్ నంబరుతో విక్రేతకు రాశాను. మొదటి జవాబు నేను ఊహించినదే: ఎక్స్‌పో ఓవర్‌క్లాకింగ్ కిందికి వస్తుంది, ప్రమాణ వేగం దగ్గర లోపం లేదు కాబట్టి భాగం చెడినట్టు కాదు, ఆఫ్ చేసి వాడుకోండి. ఆర్డరుకు ముందు వారే రాసిన రెండు వాక్యాలను వాదన ఏదీ చేర్చకుండా ఆ జవాబు కింద అతికించి పంపాను. స్టిక్కు మారుస్తామని తరువాతి ఉత్తరం వచ్చింది.

అయితే ఒక్క స్టిక్కు పంపుతామన్నారు. దానికీ ఒప్పుకోలేదు. కిట్‌గా అమ్మే స్టిక్కులను తయారీదారు జతగా పరీక్షించి ఆ వేగానికి హామీ ఇస్తారు. మోడల్ సంఖ్య ఒకటే అయినా వేరే కాలంలో తయారైన స్టిక్కులో మెమరీ చిప్పులు వేరే కంపెనీవి కావచ్చు, అప్పుడు రెండూ విడివిడిగా మంచివే అయినా కలిసి 6000 దగ్గర నిలవకపోవచ్చు. పట్టికలో రాసి ఉన్నది "రెండు స్టిక్కుల కిట్" అనీ, రెండు స్టిక్కులూ తిరిగి పంపుతాననీ చెప్పాక కొత్త కిట్ పంపారు. పోనూ రానూ ఖర్చు వారే భరించారు. చిరాకు పడకుండా చివరిదాకా మర్యాదగా జవాబిచ్చినందుకు ఆ సహాయక విభాగంవారి పట్ల నాకు గౌరవం ఉంది.

కొత్త కిట్, వేడి, పని

కొత్త కిట్ అవే రెండు స్లాట్లలో పెట్టి, ఎక్స్‌పో ఆన్ చేసి మెమ్‌టెస్ట్86 నడిపాను. నాలుగు పాసుల్లోనూ ఒక్క లోపమూ లేదు. విండోస్‌లో మరో మెమరీ పరీక్ష కూడా, గ్రాఫిక్స్ కార్డు మీద ఒకేసారి భారం వేసి నడిపాను, ఎందుకంటే కార్డు నుంచి లేచే వేడి గాలి ర్యామ్ మీదుగా పోతుంది, డీడీఆర్5 వేడెక్కినప్పుడు తప్పే అవకాశం ఎక్కువ. అక్కడా నిలిచింది.

తరువాత సినీబెంచ్ 2024తో ప్రాసెసర్‌ను అరగంట పూర్తి భారం మీద ఉంచాను. విద్యుత్తు 162 వాట్ల దగ్గర స్థిరపడింది, ఉష్ణోగ్రత 80 డిగ్రీలకు కాస్త పైన ఆగింది. ఈ చిప్పుకు ఏఎమ్‌డీ పెట్టిన గరిష్ఠ పరిమితి 95 డిగ్రీలు గనుక వేసవికి కూడా వెసులుబాటు ఉంది. ఫ్యాన్లు మాత్రం క్షణక్షణానికీ వేగం మార్చుకుంటూ చప్పుడు చేశాయి, ఇంటర్వ్యూ శబ్దం వింటూ ఎడిట్ చేసేవారికి అది భరించలేనిది. రైజెన్ ప్రాసెసర్లలో ఉష్ణోగ్రత చిన్న పనికే ఒక్కసారిగా ఎగిరి దిగుతుంది, ఫ్యాన్ దాన్ని వెంటనే అనుసరిస్తే ఇలాగే ఉంటుంది. బయోస్‌లో ఫ్యాన్ స్పందనకు కొన్ని సెకన్ల ఆలస్యం పెట్టి, 70 డిగ్రీలవరకు వేగం దాదాపు మారకుండా ఉంచాను. ఇప్పుడు చప్పుడు ఒకే తీరుగా, మైకు దగ్గర లేకపోతే వినబడనంత తక్కువగా ఉంది.

ఆఖరి పరీక్ష అసలు పని. పూర్తి నిడివి ఇంటర్వ్యూ ఒకటి, ఏ ప్రాక్సీ లేకుండా, రెండు కెమెరాల 4:2:2 ఫుటేజ్‌తో టైమ్‌లైన్ మీద పెట్టాను. ప్లేబ్యాక్ సమయంలో టాస్క్ మేనేజర్‌లో గ్రాఫిక్స్ కార్డు వీడియో డీకోడ్ గీత పైకి లేచి, ప్రాసెసర్ గీత కిందనే ఉండిపోయింది. వేలితో ముందుకూ వెనక్కూ జరిపినా చిత్రం వెంటనే వస్తోంది. రంగులు దిద్ది నాయిస్ తగ్గించే ఎఫెక్ట్ పెట్టాక గ్రాఫిక్స్ మెమరీ వాడకం 8 జీబీని దాటి 11 దాకా వెళ్ళింది.

మిగిలిన పనులు రెండున్నాయి. పూర్తయిన ప్రాజెక్టుల నిల్వకు పెద్ద హార్డ్ డిస్కు ఒకటి చేర్చాలి, దానికి సాటా పవర్ కేబులు పవర్ సప్లై సంచిలోనే ఉంది. సరిచూసిన పట్టిక, సవరించిన ఇన్వాయిస్, విక్రేతతో నడిచిన ఉత్తరాలు, మెమ్‌టెస్ట్ నివేదికలు ఒకే ఫోల్డరులో పెట్టి, వారంటీ ముగిసే తేదీలను క్యాలెండరులో నమోదు చేయాలి. కొత్త ర్యామ్ కిట్ సీరియల్ నంబర్లతో ఇన్వాయిస్ మళ్ళీ సవరించి పంపమని విక్రేతకు రాశాను, అది రాగానే ఆ ఫోల్డరు పూర్తవుతుంది.